కీబోర్డు కింద పడ్డ జవాబు

హలో... హలో! వినపడుతోందా అందరికీ? ఆఁ, బాగున్నారా? చేతిలో పనుంటే ఆపకండి, ఫోను పక్కన ఎక్కడో ఆనించుకుని పని చేసుకుంటూనే వినండి. పెద్ద కథేం కాదు. ఒక లాండ్రీ, ఒక యాప్, మధ్యలో ఒక నవ్వు. ఆ నవ్వు దగ్గరే మొదలుపెడతాను.

ఆ పొద్దున మీటింగులో అందరికంటే ముందు నవ్వింది యాప్ రాసినవాడే. లాండ్రీలో ఆడవాళ్ళు అతన్ని యాప్ తమ్ముడు అంటారు. మనమూ తమ్ముడనే అనుకుందాం.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ బండి కాదు. ఊళ్ళో ఉన్న హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ లారీల్లో వచ్చి, ఉతికి ఆరి, మడతలు పడి మళ్ళీ లారీల్లో పోయే పెద్ద షెడ్డు. అందులో పనివాళ్ళ కోసం తమ్ముడి ఆఫీసు ఒక యాప్ చేసిపెట్టింది. ఎవరి చేతిలోనైనా సరుకు పాడైతే వాళ్ళ ఫోనుకి ఒక ప్రశ్న వస్తుంది: ఎందుకు పాడైంది? కింద ఒక పెట్టె ఉంటుంది. అందులో జవాబు రాసి, పైనున్న 'పంపు' నొక్కాలి. వారానికోసారి లాండ్రీ మేనేజరు, మేస్త్రీ, తమ్ముడూ, వాళ్ళ ఆఫీసు పెద్దాయనా వీడియోలో కూర్చుని ఆ జవాబులు చూస్తారు.

ఆ వారం ఒక హోటలు నుంచి దుప్పట్లు వెనక్కొచ్చాయి. అంచుల వెంట గోధుమరంగులో కాలిన చారలు. వేడి ఇనుప పీపాల మధ్య నొక్కి లాగే రోలరు ఇస్త్రీలోకి ఆ దుప్పట్లు అందించింది ఒకావిడ. షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఆ రోలరు దగ్గరే ఉంది కాబట్టి ఆవిడ పేరు ఇస్త్రీ అక్క అయిపోయింది. ఆవిడ జవాబును తమ్ముడు అందరి స్క్రీన్ మీదా పడేలా పెట్టాడు. ఒక్క క్షణం తానే చూసుకుని ఫక్కున నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకుని రాగం తీసి చదివాడు.

"రోలరు వేడి వేడి ఎక్కువ చెప్పాను చెప్పాను చెప్పాను నన మే!"

"సంజాయిషీ అడిగితే సంగీతం వినిపిస్తోందేంటి?" అన్నాడు మేనేజరు.

"ఆ చివరి 'మే' ఏంటోయ్?" అన్నాడు పెద్దాయన.

"పాట అయ్యాక మేక అరిచింది సార్," అన్నాడు తమ్ముడు.

అందరూ నవ్వారు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రీ కూడా నవ్వాడు కానీ అందరికంటే ముందే ఆపేశాడు.

"లెక్కలేనితనం సార్, ఇంకేం కాదు," అన్నాడు. "నన్ను ఆటపట్టిస్తోంది. రేపట్నుంచి రోలరు దగ్గర్నుంచి తీసేసి మాసిన గుడ్డల గదికి పంపిస్తా. అక్కడైతే పాటలు రావు."

మేనేజరు తలూపాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, వీళ్ళకి ఫోన్లో రాయడం మీరే వచ్చి నేర్పించండయ్యా. ఎన్నాళ్ళని మేకల అరుపులు చదువుకుంటాం?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. మీటింగు ముగిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని తమ్ముడు అదే రాగం తీశాడు. భార్యకి నవ్వొచ్చి పొలమారింది. నెత్తిమీద తట్టుకుంటూ, "చాల్లెండి, చంపేస్తారు," అంది. వాళ్ళకి నాలుగేళ్ళ పాప. దానికి ఆ పాటలో ఏం నచ్చిందో, "చెప్పాను చెప్పాను చెప్పాను మే!" అంటూ ఇల్లంతా గెంతింది. స్నానం చేయిస్తుంటే కూడా అదే పాట.

* * *

రెండ్రోజుల తర్వాత తమ్ముడు లాండ్రీకి వెళ్ళాడు. పనివాళ్ళు అన్నం తినే హాల్లో బల్లలు జరిపి జాగా చేశారు. తలుపు తీసి ఉన్నంతసేపూ షెడ్డులోని ఆవిరి లోపలికొచ్చి గోడల మీద చెమటలా పట్టేది. ఆడవాళ్ళు చేతులు పమిటలకి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఒకరి ఫోనుకి అద్దం పగిలి ఉంది. ఇంకొకరి ఫోను అగ్గిపెట్టెకి అన్నలా ఉంది.

తమ్ముడు తన ఫోను పైకెత్తి చూపించాడు. అది అరచేయి దాటి మణికట్టు దాకా వచ్చే ఫోను. "ఇదుగో, ఇక్కడ నొక్కితే ప్రశ్న వస్తుంది. కింద పెట్టె ఉంటుంది. ముట్టుకుంటే అక్షరాలు వస్తాయి. రాయండి, చదువుకోండి, పంపండి. అంతే."

"ఆ పెట్టె మా ఫోన్లో దొరకదు తమ్ముడూ," అంది ఒకామె. నోరు మూతపడదని అందరూ ఆమెని వాగుడుకాయ అంటారు. "అక్షరాలొచ్చి దాని మీద కూర్చుంటాయి. బస్సులో సీటు దొరక్కపోతే ఒళ్ళో కూర్చుంటారే, అలాగ."

హాలంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. "మీ మాటలు రాసిపెట్టుకోవాలక్కా," అన్నాడు. మాటని మాటగానే విన్నాడు గానీ అందులో ఏముందో చూడలేదు.

అప్పుడే వెనక తలుపులోంచి ఒకావిడ వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. మోచేతుల దాకా ఉన్న రబ్బరు తొడుగులు తీసి బల్ల కింద పెట్టింది. లోపల చేతులు నానిపోయి, వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆవిడతో పాటు మాసిన గుడ్డల గది వాసన కూడా వచ్చింది. అది తెలుసు కాబట్టే కాబోలు, ఎవరి పక్కనా కూర్చోకుండా కాస్త ఎడంగా కూర్చుంది. పక్కనున్నవాళ్ళే జరిగి దగ్గరకొచ్చారు.

ఆవిడే ఇస్త్రీ అక్క అని తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. వాగుడుకాయ, "అక్కా, నీ ఫోను చూపించు తమ్ముడికి. నీకే కదా ఎసరొచ్చింది," అన్నాక తెలిసింది. తమ్ముడు కాస్త తడబడి ఆవిడ పక్కకి వెళ్ళాడు.

"రాయండక్కా, చూస్తాను."

ఆవిడ ఫోను చిన్నది, పాతది, శుభ్రంగా తుడిచి ఉంది. ప్రశ్న తెరిచింది. పేజీ మొత్తం ఒక్క స్క్రీన్లో పొందిగ్గా అమరింది. పైకీ కిందకీ తోసుకునే పనే లేకుండా దాన్ని అలా కదలకుండా బిగించింది తమ్ముడే. ఆ పొందిక అతనికి గొప్ప. ఆవిడ కింది పెట్టెని ముట్టుకుంది. కీబోర్డు లేచింది. లేచి సగం స్క్రీన్ ఆక్రమించి, పెట్టె మీద తలుపు వేసినట్టు కూర్చుంది. పేజీ అంగుళం కూడా కదల్లేదు. పెట్టె లేదు.

ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు వేలితో అక్షరాలు వెతుక్కుంటూ నొక్కుతోంది.

తమ్ముడు ఇంకాస్త దగ్గరికి వంగాడు. "ఏం రాస్తున్నారో మీకు కనపడదా అక్కా?"

"కనపడదు బాబూ. అందుకే ఒక్కో మాట రెండుసార్లు, మూడుసార్లు రాస్తా. ఒకటి పడకపోయినా ఇంకోటి పడుతుంది కదా అని."

"వెనక్కి నొక్కితే కీబోర్డు పోతుందిగా? అప్పుడు చూసుకోవచ్చు..."

"ఓసారి నొక్కితే పేజీయే పోయింది. మళ్ళీ మొదట్నుంచి రాసే టైము ఎక్కడిది? మేస్త్రీ గారికి కూడా నేను మొదటే చెప్పానని రాద్దామనుకున్నా, 'మే' అనేసరికి గంట కొట్టారు. సగంలో పంపేశాను." ఆవిడ కాస్త ఇబ్బందిగా నవ్వింది. "యాప్ అంటే ఇంతే కాబోలు అనుకున్నా. రాసేవాళ్ళకి కనపడదు, చదివేవాళ్ళకి కనపడుతుంది."

హాల్లో అందరూ ఇటే చూస్తున్నారు. నేర్పడానికొచ్చినవాడు ఏం చెబుతాడా అని. తప్పు నాది అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఫోను పాతదైపోయిందక్కా," అన్నాడు. "మారిస్తే సరిపోతుంది."

ఆవిడ ఫోను వైపు చూసుకుంది. మొన్నటిదాకా బాగానే ఉన్న పిల్లాడిని ఎవరో వంకర కాళ్ళవాడన్నట్టు చూసింది. తర్వాత దాన్ని కొంగులో దాచుకుని, తొడుగులు తీసుకుని లేచింది.

* * *

ఆఫీసుకి వచ్చాక తమ్ముడు నేరుగా తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. కంప్యూటర్లో ఫోను బొమ్మ తెరిచాడు. యాప్ రాసేవాళ్ళందరూ ముందు ఆ బొమ్మ ఫోన్లోనే పరీక్షిస్తారు. అందులో పెట్టెని నొక్కి, బల్ల మీది కీబోర్డుతో టకటకా కొడితే అక్షరాలు పెట్టెలో పడిపోతాయి. చేతికింద అసలు కీబోర్డే ఉంటే ఇక స్క్రీన్ మీద కీబోర్డు లేవాల్సిన పనేముంది? లేవదు. యాప్ మొదలుపెట్టిన రోజు నుంచీ తమ్ముడు అలాగే పరీక్షించాడు. ఒక్కసారి కూడా లేవలేదు. తన చేతిలోని పొడుగు ఫోన్లో చూసినప్పుడు మాత్రం లేచింది కానీ, ఆ ఫోన్లో పెట్టెకి కిందా మీదా ఇంకా బోలెడు జాగా.

బల్ల మీది కీబోర్డుకీ ఆ బొమ్మకీ ఉన్న లంకె తీసేసి, చిన్న ఫోను బొమ్మ ఎంచుకుని, పెట్టెని నొక్కాడు. కీబోర్డు లేచింది. పెట్టె మునిగిపోయింది.

వెనక నించున్న పెద్దాయన, "అరె," అన్నాడు.

సరిచేయడం కష్టమేమీ కాదు. బిగించిన పేజీని వదులు చేయాలి. కీబోర్డు ఎంత ఎత్తు లేస్తే పేజీ అంత పైకి జరగాలి. వేలు ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టె కీబోర్డుకి పైన కనపడుతూ ఉండాలి. తమ్ముడు అన్నానికి లేచేలోపే అయిపోయింది. అంత చిన్న పని కావడమే అతనికి ఎక్కువ నొప్పిగా ఉంది. పెద్ద తప్పైతే పెద్దదని చెప్పుకోవచ్చు. ఇది గడప మీద రాయి. ఒంగి తీస్తే పోయేది.

"చిన్న చిన్న మెరుగులు అని రాసి పంపించేయ్," అన్నాడు పెద్దాయన.

"సార్, ఆవిణ్ణి మాసిన గుడ్డల గదికి..."

"తెలుసులేవోయ్. ఇప్పుడు మనం వెళ్ళి మా తప్పే అంటే, ఇన్నాళ్ళూ వచ్చిన జవాబులన్నీ తప్పే అంటారు. పేను తీయబోయి జుట్టంతా గొరిగించుకుంటామా?"

పెద్దాయన కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళబోతూ ఆగి, "నువ్వు నీ అంతట వెళ్ళి చెప్పుకుంటే నేను చూడలేదనుకుంటా," అన్నాడు.

మర్నాడు తమ్ముడు మళ్ళీ లాండ్రీకి వెళ్ళాడు. మేస్త్రీని పక్కకి పిలిచి, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. పాత యాప్ ఒకదాంట్లో, కొత్తది ఇంకోదాంట్లో. మేస్త్రీ రెండిటినీ చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"అయితే ఆవిడ నిజంగానే రోలరు వేడెక్కిందని రాసిందన్నమాట."

"మీకు ముందే చెప్పానంది."

"చెప్పిందేమో. ఆ హడావిడిలో ఎవరేం చెప్పారో ఎవడికి గుర్తుంటుందయ్యా?" మేస్త్రీ గొంతు తగ్గించాడు. "సరే, ఇవాళే వెనక్కి పిలుస్తా. కానీ ఆ మీటింగు నవ్వుల సంగతి ఆడవాళ్ళ దగ్గర ఎత్తకు. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

తమ్ముడు తలూపాడు. ఎందుకూపానా అని తర్వాత చాలాసేపు అనుకున్నాడు.

ఇస్త్రీ అక్కని పిలిపించి, అందరి ముందూ చెప్పాడు. తప్పు యాప్‌ది, యాప్ రాసింది నేను, మీ ఫోను బాగానే ఉంది, పాతదన్నది అబద్ధం. అంతవరకూ చెప్పాడు. కొత్త యాప్ ఆవిడ ఫోన్లో వేసి పెట్టెని ముట్టుకోమన్నాడు. కీబోర్డు లేచింది, దాంతోపాటే పేజీ పైకి జరిగింది. ఆవిడ ఒక్క అక్షరం నొక్కి, అది పెట్టెలో పడటం చూసి, "ఓర్నీ," అంది చిన్నగా.

"చూశారర్రా," అంది పక్కవాళ్ళతో. "తన తప్పని ఇంత దూరం వచ్చి చెప్పాడు. ఈ రోజుల్లో ఎవరు చెబుతారు? ఏ తల్లి కన్నదో."

రెండు చేతులూ సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడుక్కుని, తనే వెళ్ళి టీ తెచ్చింది. గ్లాసు అంచుని కొంగుతో తుడిచి ఇచ్చింది. తమ్ముడు ఆ టీ తాగాడు. తాగినంతసేపూ ఆవిడ ఎదురుగా నిలబడే ఉంది, చాలా, ఇంకా పోయనా అంటూ.

ఇంటికి వెళ్ళేసరికి పాప గుమ్మంలోనే ఎదురైంది. "నాన్నా! చెప్పాను చెప్పాను చెప్పాను మే!" అంటూ కాళ్ళకి చుట్టుకుంది.

"ఆపు!" అన్నాడు తమ్ముడు. పాప బిత్తరపోయి ఏడుపు అందుకుంది.

భార్య వచ్చి పాపని ఎత్తుకుంది. "దాన్నెందుకంటారు? నేర్పింది మీరేగా," అంది. తర్వాత అతని మొహం చూసి కుర్చీ లాగింది. అతను జరిగిందంతా చెప్పాడు. కీబోర్డు, పెట్టె, టీ.

"మంచి పని చేశారు," అంది. పాప ముక్కు తుడిచింది. "మనం నవ్వింది చెప్పారా?"

"అదెందుకు?"

"ఏమో. మీ మీటింగులో అందరూ నవ్వబట్టే కదా ఆవిణ్ణి ఆ గదికి తోశారు. ఆ ముక్క దాచుకుని మీరు ఆవిడ చేతి టీ తాగొచ్చారు." ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నేనూ నవ్వాను. పొలమారేంత నవ్వాను. నాకూ బాగోలేదు, అంతే."

* * *

మర్నాడు తమ్ముడు వెళ్ళేసరికి రోలరు నడుస్తోంది. ఇటు పక్క ఇస్త్రీ అక్కా ఇంకొకామే తడి దుప్పటి కొసలు పట్టుకుని, ఒక్క విదిలింపుతో ముడతలు పోగొట్టి లోపలికి అందిస్తున్నారు. అటు పక్క వేడి వేడిగా బయటికొచ్చిన దుప్పటిని అందుకుని మడతపెట్టడానికి ఇద్దరుండాలి. ఆవేళ ఒకామె రాలేదు. వాగుడుకాయ ఒక్కతే అటూ ఇటూ పరిగెడుతోంది.

"మళ్ళీ ఏం పాడైంది తమ్ముడూ?" అంది.

"యాప్ కాదక్కా." తమ్ముడు ఇస్త్రీ అక్క పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "నిన్న సగమే చెప్పాను. మీరు రాసింది మీటింగులో చదివింది నేనే. మామూలుగా చదవలేదు, రాగం తీసి చదివాను. చివర్లో మేక అరిచిందన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే ముందు నేనే నవ్వాను. ఆ నవ్వుల్లోనే మిమ్మల్ని ఆ గదికి పంపారు."

ఆవిడ చేతులు ఆగలేదు. ఒక దుప్పటి లోపలికి వెళ్ళింది. ఇంకొకటి తీసుకుంది, కొసలు వెతికింది, విదిలించింది. చెంప మీద పడ్డ నీటి తుంపరని భుజానికి రాసుకుంది.

"ఇంట్లో కూడా చెప్పి నవ్వారా?"

"నవ్వాం. మా పాప ఇంకా అంటూనే ఉంది."

"ఎంత పిల్ల?"

"నాలుగేళ్ళది."

"దానికేం తెలుసు," అందావిడ. ఇంకో దుప్పటి లోపలికి అందించింది. "ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే ఆ టీ తెచ్చేదాన్ని కాదు."

"తెలుసక్కా."

"ఆ టీ గొంతు దిగిందా తమ్ముడూ?" అంది అవతలి నుంచి వాగుడుకాయ. ఇస్త్రీ అక్క వెళ్ళిపొమ్మంటే తమ్ముడు వెళ్ళిపోయేవాడు. తిడితే తల వంచుకునేవాడు. ఆవిడ రెండూ చేయలేదు. అతను ఎటూ కాకుండా నిలబడిపోయాడు.

"ఊరికే నిలబడకు," అంది చివరికి, అతని వైపు చూడకుండానే. "అవతల మనిషి లేదు. పో, ఆ కొసలు పట్టుకో."

తమ్ముడు అటు పక్కకి వెళ్ళాడు. దుప్పటి బయటికొచ్చింది. పట్టుకోగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. వదలబోయి మళ్ళీ పట్టుకున్నాడు. "పైకెత్తు, పైకెత్తు!" అంది వాగుడుకాయ. చేతులు పైకెత్తాడు. తెల్లటి దుప్పటి అతని తల దాటి లేచింది. ఆమె ఇటు మడిస్తే అతను అటు మడిచాడు. తన వైపు కొసకి బదులు మధ్యలో ఎక్కడో పట్టుకుని లాగాడు. దుప్పటి తాడులా మెలికపడింది. ముందు వాగుడుకాయ నవ్వింది, తర్వాత బల్లల దగ్గర తువ్వాళ్ళు మడిచేవాళ్ళు, తర్వాత షెడ్డంతా. ఎవరో ఈల కూడా వేశారు.

"నవ్వకండే!"

ఇస్త్రీ అక్క గొంతు రోలరు చప్పుడుని దాటి వినిపించింది.

"దుప్పటి మొహానికి అడ్డంగా ఉంది. కొస ఎక్కడుందో అతనికేం కనపడుతుంది? చూపించండి. నవ్వుతారేం?"

నవ్వు ఆగిపోయింది. తమ్ముడు చేతులు పైకెత్తి అలాగే ఉన్నాడు. దించితే అందరి మొహాలూ ఎదురుగా ఉంటాయి. వేళ్ళు కాలుతున్నా ఆ దుప్పటిని మొహానికి అడ్డంగా అలాగే పట్టుకుని, ఇంకాసేపు నిలబడ్డాడు.

అంతేనండీ. విన్నారు కదా. దీన్ని మీ ఫోన్లోనే పడుకోబెట్టకండి. యాప్‌లు రాసే పిల్లలు మీ ఇంట్లోనో, మేడ మీదో, మేనల్లుడి స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళకి పంపండి. ఎవరో రాసింది చదివి మీతో పాటు నవ్వినవాళ్ళు గుర్తొస్తే వాళ్ళకీ పంపండి. ఉంటా మరి, పెట్టేస్తున్నా.